దూదికి ఒక్కటే పిల్ల

"లొసుగు లేదు," అన్నాడు గుమాస్తా, కాగితాన్ని ఏడోసారి కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి. "ఎక్కడా సందు లేదు. గుండుసూది కూడా దూరదు."

ఆ గొంతులో దిగులు ఎంత ఉందో గర్వమూ అంతే ఉంది. ఇల్లాలికి ఒళ్ళు మండింది ఆ గర్వం చూసే.

"ఎవరండీ రాసిన మహానుభావుడు?"

"నేనే."

"తెలుసు లెండి. మీ నోటితో వినాలని అడిగా."

కుట్టు మిషను మీంచి సగం కుట్టిన కర్టెను జారి నేల మీద పడింది. ఆమె ఎత్తలేదు. మిషను బల్ల కింద అట్టపెట్టెలో, కర్టెను ముక్కలు పరిచిన పక్క మీద, దూది ఒక వైపుకు ఒరిగి పడుకుని ఉంది. అచ్చమైన జాతి పొమేరియన్ కుక్క. ఏకిన పత్తిలా తెల్లగా ఉంటుంది. దాని పొట్టకు అతుక్కుని పిడికెడంత పిల్ల, గుండీ, వెనక కాళ్ళు రెండూ గాల్లోకి చాపి నిద్రపోతోంది. తనను తీసుకుపోవడానికి సాయంత్రం నాలుగింటికి మనిషి వస్తోందని దానికేం తెలుసు?

పొద్దున చెప్పుల కొట్టావిడ ఫోను చేసినప్పటి నుంచి ఇంట్లో ఎవరూ ఎవరితోనూ తిన్నగా మాట్లాడలేదు. పాపం, ఆవిడ అన్నది ఒక్క ముక్కే. "ఇవాళ్టికి ఎనిమిది వారాలు నిండాయి కదా బాబూ, నాలుగింటికి వచ్చి నా పిల్లను తీసుకెళ్తా."

నా పిల్ల! ఆ మాట పొద్దుట్నుంచీ ఇల్లాలి చెవిలో దోమలా తిరుగుతోంది.

"ఇంకోసారి చదవండి."

"ఎన్నిసార్లే?"

"మీ నోరు నొప్పి పుట్టేదాకా."

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. లాయరు ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా అగ్రిమెంట్లు రాస్తున్న మనిషి. కాగితం చేతిలోకి రాగానే ఆయన గొంతు దానంతట అదే మారిపోతుంది.

"'ఆడకుక్క యజమాని, మగకుక్క యజమానికి నగదు రుసుము చెల్లించుటకు బదులుగా, పుట్టిన పిల్లలలో ఇష్టమైనదానిని అందరికన్నా ముందుగా ఏరుకొను హక్కును ఇందుమూలముగా ఇచ్చుచున్నాడు. పిల్లల సంఖ్య ఎంతైనను ఈ హక్కు మారదు.'"

"ఆ 'ఎంతైనను' ఎవరు పెట్టమన్నారు?"

"ఎవరూ పెట్టమనలేదు. ఒకవేళ పది పిల్లలు పుడితే ఆవిడ రెండు అడుగుతుందేమోనని, ముందుజాగ్రత్తగా నేనే..."

"పది!" ఆమె బల్ల కిందికి చూసింది. "మీ పది పిల్లలూ అదిగో, కాళ్ళు పైకెత్తి పడుకున్నాయి."

జాతి కుక్కల వాళ్ళలో అది మామూలే. మగకుక్కతో జత కలిపించినందుకు దాని యజమాని డబ్బన్నా తీసుకుంటారు, పుట్టిన వాటిలో ముందుగా ఒక పిల్లనన్నా ఏరుకుంటారు. చెప్పుల కొట్టావిడ ఎనిమిది వేలు ఇచ్చినా సరే, పిల్లనిచ్చినా సరే అంది. నాలుగు పిల్లలు పుట్టేచోట ఒకటి పోతే ఏం, చేతి నుంచి పైసా కదలదు కదా అనుకున్నాడు గుమాస్తా. అంత తెలివైన పని చేసినందుకు ఆ రోజు ఇంటికి వస్తూ ఈల కూడా వేశాడు.

అసలు దూదిని కొన్నదే ఆ లెక్కతో. ముప్ఫై అయిదు వేలు పోసి, జేబులో పెట్టుకునేంత చిన్న కుక్కను తెచ్చి, "ఇది ఖర్చు కాదే, పెట్టుబడి" అన్నాడు. కవరు వెనక లెక్క వేసి చూపించాడు. నాలుగు పిల్లలు, ఒక్కొక్కటి పదిహేను వేలు. ఆ కవరు మీద ఇంజెక్షన్లు లేవు. దాని చిన్న పొట్టకు పడే తిండి సంచీ, ఇంటికి నెలకు తెచ్చే సరుకుల్లో సగం ఖరీదు చేస్తుందని లేదు. రెండు నెలలకోసారి బొచ్చు కత్తిరించడానికి అయ్యే డబ్బుతో గుమాస్తా ఏడాదంతా క్షవరం చేయించుకోవచ్చని లేదు. "వాడికెలాగూ జుట్టు లేదుగా, వాడి వాటా దానికి పెట్టనీ" అని అత్తగారు తీర్పు చెప్పింది. సోఫా మీంచి దూకి మోకాలి చిప్ప పక్కకు జరిగితే, ఆ డాక్టరు ఫీజూ ఆ కవరు మీద లేదు.

ఆఖరికి స్కానింగులో ఒక్కటే పిల్ల, అదీ పెద్ద తలతో కనపడింది. ఆపరేషనుకు ఇరవై రెండు వేలన్నారు. మందపాటి గుడ్డలు కుట్టే పెద్ద మిషను కోసం ఇల్లాలు మూడేళ్ళుగా కూడబెట్టిన డబ్బా ఆ పూట మూత తెరుచుకుంది. "ఇంక దీనికి కానుపులు వద్దమ్మా" అని డాక్టరు చెప్పేశాడు.

కవరు ఏమైందో ఎవరూ అడగలేదు.

"చచ్చిపోయిందని చెప్పేస్తే పోతుందిగా!"

గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. దూది ఇంట్లో అడుగుపెట్టిన రోజున "ఈ ఇంట్లో అదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి" అన్న మనిషి. తర్వాత ఇద్దరూ ఉండిపోయారు.

"అమ్మా!"

"ఏంట్రా అమ్మా? నాకు ఎనభై ఏళ్ళు. ఈ వయసులో నేను అబద్ధం చెప్తే తప్పు పట్టేవాళ్ళెవరు? మతిమరుపు అనుకుంటారు."

"పొద్దున ఆవిడ ఫోన్లో అడిగితే బ్రహ్మాండంగా ఉందని చెప్పా."

"పొద్దున బాగుంది, మధ్యాహ్నం పోయింది. ఎంతమందికి జరగలేదు?"

"మీరిద్దరూ కాసేపు ఊరుకుంటారా!" అంది ఇల్లాలు. "నాకేం కుక్కపిల్ల మీద ప్రేమ కారిపోవడం లేదత్తయ్యా. నా మిషను డబ్బు నాకు రావాలి, అంతే. పదిహేను వేలకు దాన్ని ఎవరికన్నా అమ్ముతా. కొంతన్నా వెనక్కి వస్తుంది."

"అమ్ముతావా?"

"అమ్ముతా."

"మరి పరుపు కుడుతున్నావెందుకే అమ్మాయ్?"

ఇల్లాలు గబుక్కున చేతిలో ఉన్నదాన్ని కర్టెను కిందికి తోసింది. "పరుపు కాదు. సూదులు గుచ్చుకునే దిండు."

"నాలుగు వైపులా లేసు పెట్టి?"

గుమాస్తా కాగితం అడ్డం పెట్టుకుని నవ్వాడు. కాగితం కదలడం చూసి ఆమె పట్టేసింది. నవ్వొద్దని ఆయన వైపు ఒక చూపు చూసింది గానీ, తన పెదాలే మాట వినలేదు. ఇంట్లో పొద్దుట్నుంచి మొదటిసారి ముగ్గురూ నవ్వారు. అట్టపెట్టెలో గుండీ ఉలిక్కిపడి లేచి, ఒక్కసారి గట్టిగా అరిచానని అనుకుని, తుమ్మినంత చప్పుడు చేసి, మళ్ళీ పడుకుంది.



"ఆ ఎనిమిది వేలేవో ఇప్పుడు ఆవిడ చేతిలో పెట్టేస్తే?" అంది ఇల్లాలు మెల్లగా. "డబ్బాలో తొమ్మిది వేల చిల్లర ఉంది."

గుమాస్తా కాగితం రెండో వైపుకు తిప్పి, ఆరో షరతు మీద వేలు పెట్టి చూపించాడు.

"'ఒకసారి ఎంచుకొనిన పద్ధతిని ఉభయులలో ఎవరునూ తరువాత మార్చరాదు,'" చదివింది ఆమె. "ఇది కూడా మీ ఘనకార్యమేనా?"

"ఆవిడ తర్వాత మాట మార్చి డబ్బు అడుగుతుందేమోనని..."

"ఆవిడ ఎక్కడ పారిపోతుందోనని మన కాళ్ళు కట్టేశారన్నమాట."

"అలా అంటే అలాగే."

"పోనీ, అగ్రిమెంటు సంగతి వదిలేయండి. మనిషికి మనిషిగా అడగొచ్చుగా? అమ్మా, ఒక్కటే పుట్టింది, దయచేసి వదిలేయండని."

"అడగొచ్చు." ఆయన కాగితాన్ని మడత మీద మడత పెట్టాడు. "నేను మాత్రం అడగనే. రోజూ బల్ల అవతల కూర్చున్న వాళ్ళకు ఒకటే చెప్తాను, సంతకం పెట్టేముందు వందసార్లు ఆలోచించుకోండి, పెట్టాక మాత్రం ఆలోచించకండి అని. ఎంతమంది ఏడ్చారో నా ముందు! అందరికీ అదే చెప్పా. ఇవాళ నా ఇంటి దాకా వచ్చేసరికి..."

ఆయన ఆగిపోయాడు. మెడ వెనక ఎర్రబడింది. పెళ్ళయిన కొత్తలో ఆ ఎరుపు చూసి కోపమనుకునేది ఆమె. కోపం కాదని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

"సరే. మీరు అడగొద్దు," అంది, కింద పడ్డ కర్టెను ఎత్తుకుంటూ. "నేను అడుగుతా. నేనేం సంతకం పెట్టలేదుగా."

*

చెప్పుల కొట్టావిడ నాలుగు కొట్టకముందే వచ్చింది. ఆవిడతో పాటు కొత్త తోలు వాసన కూడా లోపలికి వచ్చింది. ఎవరింటికి వెళ్ళినా ఆవిడ ముందు మనుషుల కాళ్ళకేసి చూస్తుంది, తర్వాతే మొహాలకేసి.

"గుమాస్తా బాబూ, ఆ చెప్పులు నీకు ఒక సైజు పెద్దవి. నడుం నొప్పి వస్తోందా?"

"వస్తోందండీ," అన్నాడాయన ఆశ్చర్యపోతూ.

"రాక చస్తుందా? రేపోసారి కొట్టుకి రా."

ఆవిడ చంకలో, చిన్న దుప్పటిలో చుట్టిన ఎర్రటి పొమేరియన్ ఒకటి నాలుక పక్కకు వేలాడేసుకుని ఉంది. గుండీ తండ్రి. ఆవిడ దాన్ని సుబేదారు అంటుంది. మీసాలు అంత దర్జాగా ఉంటాయి. దూది అట్టపెట్టెలోంచి తలెత్తి ఒకసారి చూసి, ఎరగనట్టు మళ్ళీ పడుకుంది.

అట్టపెట్టెలో దూది ఒక్కటే ఉంది.

ఇల్లాలు భర్త వైపు చూసింది. భర్త ఇల్లాలి వైపు చూశాడు. ఇద్దరూ కలిసి అత్తగారి గది వైపు చూశారు. మంచం మీద అత్తగారు మెడ దాకా దుప్పటి కప్పుకుని, కళ్ళు మూసుకుని ఉంది.

"మా అత్తయ్యకు తలనొప్పండీ," అంది ఇల్లాలు, ఇంకేం చెప్పాలో తోచక.

"అయ్యో, పెద్దామెకు తలనొప్పా!" చెప్పుల కొట్టావిడ మంచం దగ్గరికి వెళ్ళి నిలబడింది. దుప్పటి కింద, పొట్ట దగ్గర, ఏదో గుండ్రంగా అటూ ఇటూ దొర్లుతోంది. "ఎక్కడమ్మా నొప్పి?"

"తలంతా," అంది అత్తగారు కళ్ళు తెరవకుండా.

"పెద్దమ్మగారూ, మీ తలనొప్పి తోక ఆడిస్తోంది."

అత్తగారు ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండోది. "చలికి వచ్చి దూరిందమ్మా. రావద్దని ఎంత చెప్పినా వినదు," అని ఏమాత్రం తొణక్కుండా లేచి కూర్చుంది.

అందరూ హాల్లోకి వచ్చారు. ఇల్లాలు టీ పెట్టింది. ఎలా మొదలుపెట్టాలో స్టవ్వు దగ్గరే మూడు రకాలుగా అనుకుని వచ్చింది. కానీ చెప్పుల కొట్టావిడ సందు ఇస్తేగా!

"చూశావా అమ్మాయీ, నాలుక ఎలా వేలాడేస్తాడో? నోట్లో పళ్ళు లేవు. ఈ చిన్న జాతులకు పళ్ళే పెద్ద శత్రువు. ఊడినవి ఊడగా పదకొండు పీకించా. ఒక్కో పన్నూ ఒక మంచి జత బూట్ల ఖరీదు. పదకొండు జతల బూట్లు వీడి నోట్లోంచి పోయాయి. ఇప్పుడు తిండి నేనే మెత్తగా చేసి పెట్టాలి. బొచ్చుకో రకం సబ్బు, చెవులకో మందు. మా తమ్ముడైతే, అక్కా, ఈ డబ్బుతో ఇంకో కొట్టు తెరిచేదానివి అంటాడు. తెరిచేదాన్నే."

"మరి ఎందుకు పెంచడం?" అంది అత్తగారు.

"మీరెందుకు దుప్పట్లో దాచుకున్నారు?"

అత్తగారు టీ మీద దృష్టి పెట్టింది.

చెప్పుల కొట్టావిడ గుండీని అరచేతిలోకి తీసుకుంది. అది ఆవిడ బొటనవేలు నోట్లో పెట్టుకుని, తోలు రుచి నచ్చినట్టుంది, వదల్లేదు. సుబేదారు మెడ చాపి, పళ్ళు లేని నోటితో దాని నెత్తి మీద రెండుసార్లు నాకాడు. ఆవిడ గొంతు తగ్గింది.

"వీడికి పదకొండేళ్ళు. మొన్న డాక్టరు వీడి గుండె విని మొహం అదోలా పెట్టాడు. ఎనిమిదింటికి కొట్టు కట్టేసి ఇంటికెళ్తే తలుపు దగ్గర వీడొక్కడే నాకు. వీడి తర్వాత..." మాట మింగేసి నవ్వింది. "అందుకే ఆ రోజు డబ్బు వద్దన్నా."

స్టవ్వు దగ్గర అనుకున్న మూడు రకాల మాటలూ ఇల్లాలి గొంతులో ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆఖరికి బయటికి వచ్చింది నాలుగోది.

"అక్కగారూ, నా దగ్గర తొమ్మిది వేలున్నాయి. అన్నీ తీసుకోండి. దీన్ని వదిలేయండి. దూదికి ఇంక పిల్లలు పుట్టవు."

గుమాస్తా కప్పు కింద పెట్టాడు. "ఎవరికో అమ్ముతానన్నావు" అని ఆయన గానీ అత్తగారు గానీ అనలేదు.

"సుబేదారుకీ పుట్టవమ్మాయీ," అంది చెప్పుల కొట్టావిడ. కోపంగా అనలేదు. "మీకు ఎంత ఖర్చయిందో నాకు తెలుసు. నాకెంతయిందో మీకు ఇందాకే చెప్పా. డబ్బుతో తేలేదయితే మనిద్దరిలో ఎవరో ఒకరు ఎప్పుడో తేల్చేసేవాళ్ళం. ఉన్నది ఒక్కటే. ఏం చేద్దామంటావు?"

 

గుమాస్తా లేచి నిలబడ్డాడు. "తీసుకెళ్ళండమ్మా. కాగితం ప్రకారం అది మీదే."

"ఒరేయ్," అంది అత్తగారు, "నువ్వు నా కడుపున పుట్టావా, ఆ కాగితం కడుపున పుట్టావా?"

ఆయన తల్లి వైపు చూడలేదు. గుండీ వైపు అసలే చూడలేదు.

చెప్పుల కొట్టావిడ కళ్ళు తుడుచుకుని, సంచీలోంచి ఒక ఫారం తీసింది. "బాబూ, దీని మీద తల్లికుక్క రిజిస్టరు నంబరు వేసి ఒక్క సంతకం పెట్టు. తల్లికుక్క యజమాని సంతకం ఉంటేనే కుక్కల సంఘం వాళ్ళు పిల్లను నా పేరున రాస్తారట. అది లేకపోతే ఇచ్చినా ఇచ్చినట్టు కాదంటున్నారు."

"దానికేం," అని గుమాస్తా బీరువాలోంచి దూది ఫైలు తెచ్చాడు. ఇంజెక్షన్ల చీటీలు, స్కానింగు కాగితాలు పక్కకు నెట్టి, కొన్న రోజున వచ్చిన వంశం సర్టిఫికెట్టు బయటికి లాగాడు. కలం మూత తీశాడు. నంబరు ఎక్కించాడు. సంతకం గడి దగ్గరికి వచ్చి, అలవాటు కొద్దీ, సర్టిఫికెట్టులో యజమాని పేరు ఉన్న వరస మీద వేలు పెట్టి చూసుకున్నాడు.

వేలు అక్కడే ఉండిపోయింది.

"ఏమైందండీ?"

ఆయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. కళ్ళజోడు తప్పేం లేదు.

ఇల్లు కొన్నా, స్కూటరు కొన్నా, ఆఖరికి స్టవ్వు కొన్నా భార్య పేరున రాయించడం ఆయనకు ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. కొట్టువాళ్ళు ఎవరి పేరు వేయమంటారని అడిగితే నోరు దానంతట అదే ఆమె పేరు చెప్తుంది. కుక్కను అమ్మినవాడూ ఆ రోజు అలాగే అడిగాడు కాబోలు.

"దూది నీది," అన్నాడు భార్యతో.

"అంటే?"

"అంటే నీదే. నీ పేరున ఉంది. నాకు దాని మీద ఏ హక్కూ లేదు." ఆయన నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు. "'ఆడకుక్క యజమాని' అని నేను సంతకం పెట్టిన ఆ అగ్రిమెంటు చెల్లదు. మొదటి నుంచీ చెల్లదు." అప్పుడు చెప్పుల కొట్టావిడ వైపు తిరిగాడు. "తప్పు నాదమ్మా. మీకు చెప్పకుండా ఉండలేను."

 అత్తగారి మొహం దీపం వెలిగించినట్టు అయింది.

చెప్పుల కొట్టావిడ అరవలేదు. దబాయించలేదు. గుండీ చుట్టూ ఆవిడ వేళ్ళు ఒక్క క్షణం బిగుసుకున్నాయి. తర్వాత ఒక్కొక్కటే విడివడ్డాయి. దాన్ని బల్ల మీద, ఫారం పక్కన దింపి, సుబేదారుకు దుప్పటి చుట్టడం మొదలుపెట్టింది. ముడి ఒక పట్టాన పడటం లేదు.

"సంతకం పెట్టకే అమ్మాయ్," అని గుసగుసలాడింది అత్తగారు, వీధి చివరి దాకా వినపడేట్టు.

గుమాస్తా కలాన్ని భార్య వైపు జరిపాడు. "నీ ఇష్టం," అన్నాడు.  ఆయన మెడ వెనక మళ్ళీ ఎర్రగా ఉంది.

ఇల్లాలు కలం తీసుకుంది. ఊరికే కూర్చుంటే చాలు, గుండీ తనది. కావాలంటే అమ్ముకోవచ్చు, వద్దంటే లేసు పరుపు మీద పడుకోబెట్టొచ్చు. ఒక్క గీత గీస్తే గుండీ పోతుంది, ఈ ఇంట్లో మూడు రోజులు అన్నం సహించదు. గీయకపోతే ఎదురుగా ఈవిడ ఎలాగో ఆ ముడి వేసుకుని వెళ్ళిపోయి, సుబేదారు లేని రోజున ఎనిమిదింటికి ఎవరూ ఎదురురాని తలుపు తీసుకుంటుంది. పక్కనున్న ఈయన రేపు ఆఫీసులో బల్ల అవతలి వాళ్ళకు ఏం చెప్తాడు?

గుండీ ఫారం అంచు నోట కరుచుకుని లాగడం మొదలుపెట్టింది. ఆమె దాన్ని మెల్లగా విడిపించి, ఫారాన్ని సంతకం లేకుండానే బోర్లించి పెట్టింది. కలాన్ని మళ్ళీ భర్త చేతిలో పెట్టింది.

"ఏమండీ, ఒక తెల్ల కాగితం తీయండి."

"దేనికి?"

"నేను చెప్తా, మీరు రాయండి. ఎంతైననులూ ఇందుమూలములూ వద్దు. మనం మాట్లాడుకునే మాటల్లో రాయాలి." ఆమె చెప్పుల కొట్టావిడ చేతుల్లోంచి దుప్పటి అంచులు అందుకుని, సగం పడ్డ ముడిని తనే విప్పేసింది. "మీరు కూర్చోండి అక్కగారూ. పొద్దున కొట్టు ఎన్నింటికి తెరుస్తారు?"

"తొమ్మిదింటికి. ఎందుకమ్మాయీ?"

"కొట్టుకి వెళ్ళేదారిలోనేగా మా ఇల్లు? రాత్రి కొట్టు కట్టేసి తిరిగి వెళ్ళేదీ ఇటేగా?"

"దారిలోనే. అయితే?"

"నన్నడక్కుండా ఏ షరతూ రాయడానికి వీల్లేదు," అంది అత్తగారు, కుర్చీ చప్పుడయ్యేలా ముందుకు లాక్కుని.

"రాయండి," అంది ఇల్లాలు. "మొదటి షరతు."

గుమాస్తా ఒకటి అంకె వేసి, పక్కన చుక్క పెట్టి, తర్వాత ఏం రాయాలో తనకు తెలియని కాగితం మీద కలం ఆనించి, భార్య మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు.